పదిహేడో నంబరు మూత

ఫిబ్రవరి 3

బావమరిదికి,

ముందుగా చెప్పేస్తున్నాను, ఇంట్లో అందరం క్షేమం. ఇలా మొదలైన ఉత్తరంలో తర్వాతి మాట బాగుండదని నీకు తెలుసు కాబట్టి ఎక్కడైనా కూర్చుని చదువు. మీ అక్కకు చిన్న గీత కూడా పడలేదు. నాకూ పడలేదు. పడిందంతా వంటింటి మీదే పడింది.

నువ్వు రిటైరైన రోజున అక్కకు తెచ్చిచ్చిన కుక్కరు మొన్న గురువారం పొద్దున పదకొండూ పదికి పేలింది. టైము అంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, ఆ క్షణాన నేను ముందు గదిలో, అంటే నా కొట్లో, ఒక ఆసామి రిస్టువాచీకి ముల్లు బిగిస్తున్నాను. వాచీలు బాగుచేసేవాడికి ఇదొక సౌకర్యం, ఏ ఉపద్రవం వచ్చినా ఎన్నింటికి వచ్చిందో మాత్రం తెలుస్తుంది. చప్పుడుకు ముల్లు ఎగిరి ఎక్కడో పడింది. ఆ ఆసామి నా బల్ల కింద దూరాడు. ముల్లు వెతకడానికి దూరాడేమో అనుకుని, నిజం చెప్పొద్దూ, ఆయన మీద గౌరవం కలిగింది. తీరా చూస్తే కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

మీ అక్క పెరట్లో బట్టలు ఆరేస్తోంది. అందువల్ల బతికిపోయింది. కుక్కర్లో ఉన్నవి చిక్కుడు గింజలు. మూత లేచి పైకప్పును గుద్దింది. దుప్పటంత మేర పెచ్చులూడి పొయ్యి మీద పడ్డాయి. పొయ్యికి నడుం వంగింది. కిటికీ అద్దం పోయింది. అలమర తలుపు ఒక బందు మీద వేలాడుతోంది. వెయిటు కిటికీలోంచి పోయి పక్కింటివాళ్ల పూలకుండీలో దిగబడింది. ఇక గింజలంటావా, గోడల మీద, ట్యూబులైటు మీద, క్యాలెండరు మీద, ఎక్కడ చూసినా అవే. ఈ నెల సగం తేదీలు కనబడడం లేదు.

మేడమీద సంగీతం టీచరు అద్దెకుంటుందని రాశాను కదూ. మూత సరిగ్గా ఆవిడ కూర్చునే చోటికి కిందనే తగిలింది. ఆవిడ అప్పుడు పిల్లలకు పాఠం చెబుతోంది. చప్పుడుతో పాట ఆగిపోయింది. ఆ రోజు నుంచి మళ్లీ మొదలవలేదు. మెట్ల మీద ఎదురుపడితే మూతి ముడుచుకుని పక్కకు తప్పుకుంటోంది. ఎందుకో నాకు అర్థం కాలేదు.

కుక్కరుకు ఆయువు తీరింది, అంతకుమించి ఇందులో ఎవరి తప్పూ లేదు. నువ్వేమీ మనసులో పెట్టుకోకు. అక్క పనుల్లో ఉంది కనక ఎప్పుడూ ఉత్తరం అడుగున రాసే నాలుగు లైన్లూ ఈసారి రాయడం లేదు.

మీ బావ

*

ఫిబ్రవరి 9

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. మీరు గింజలు ఎక్కడెక్కడ పడ్డాయో రాశారు. మూత ఎందుకు లేచిందో రాయలేదు.

నాకు నాలుగు సంగతులు కావాలి. మొదటిది, పేలేటప్పటికి పొయ్యి మీద పెట్టి ఎంతసేపైంది. రెండోది, గింజలు ఎంత, నీళ్లు ఎంత. మూడోది, మూతలో సేఫ్టీ వాల్వ్ కరిగిందా లేదా. కుక్కర్లో ఆవిరి హద్దు దాటితే ఆ వాల్వ్ మధ్యలో ఉన్న మెత్తటి లోహం కరిగిపోయి ఆవిరిని బయటకు వదిలేయాలి. దాన్ని పెట్టేదే అందుకు. అది కరిగి ఉంటే మూత లేవకూడదు. మూత లేచిందంటే అది కరగలేదన్నమాట. ఎందుకు కరగలేదు? నాలుగోది, ఆ వాల్వ్‌ను ఎవరైనా ముట్టుకున్నారా.

మీకు ఇది చాదస్తంగా కనిపించవచ్చు. ఆ మూత పిడి కింద గుండ్రటి గీతలో 17 అని చిన్న అంకె ఉంటుంది. అది నా తనిఖీ గుర్తు. ఆ అంకె కొట్టే ఉలి ముప్పై ఒక్క ఏళ్లు నా చొక్కా జేబులోనే ఉంది. ఆ గుర్తున్న కుక్కరు మీద ఒక్క ఫిర్యాదు రాలేదు. ఫ్యాక్టరీలో ఫిర్యాదుల పుస్తకం ఉంది, అందులో నా అంకెకు కేటాయించిన పేజీ తెల్లగా ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లకు ఆ పేజీ తీసి చూపిస్తారు.

అక్క నాలుగు లైన్లు ఎందుకు రాయలేదు? కిందటేడు జ్వరంలో ఉండి కూడా రాసింది. నా మీద కోపం వచ్చిందా? ఉన్నదున్నట్టు చెప్పండి. ఇంకో కుక్కరు పంపిస్తాను. దగ్గరుండి పరీక్ష చేయించి పంపిస్తాను.

మీ బావమరిది

*

ఫిబ్రవరి 15

బావమరిదికి,

నీ ప్రశ్నపత్రం అందింది. బళ్లో చదివిన రోజుల్లో కూడా నన్ను ఎవరూ ఇంత నిలదీసి అడగలేదు. ఐదో తరగతితో వాళ్లూ నేనూ ఒకరినొకరం వదిలేసుకున్నాం అనుకో.

మొదటిదానికి జవాబు, ఇరవై నిమిషాలు. రెండోదానికి, గింజలు రెండు గ్లాసులు, నీళ్లు ఐదు గ్లాసులు. ఒక గింజ తొక్క ఊడి ఆవిరి గొట్టానికి అడ్డం పడింది, అది నేను పుల్లతో పొడిచి చూశాను. ఇక పైకప్పు సంగతి చెబుతాను.

తాపీ మేస్త్రీ వచ్చాడు. వచ్చి, పైకి చూసి, చేతులు నడుం మీద పెట్టుకుని పావుగంట నిలబడ్డాడు. ఏం ఆలోచిస్తున్నావయ్యా అంటే, "మూత ఇంత గుండ్రంగా ఎలా తగిలిందా అని చూస్తున్నానండీ. నేనైనా ఇంత గుండ్రంగా గీయలేను" అన్నాడు. పనితనం తెలిసినవాడు. నిచ్చెన వేసి సుత్తితో అక్కడ తట్టాడు, ఇక్కడ తట్టాడు. "ఇదొక్కటే కాదు, మొత్తం బోలుగా ఉంది" అని, బాగున్న పెచ్చులు కూడా రాల్చాడు. మీ అక్క చూస్తూ నిలబడింది. "కుక్కరు పాడుచేసింది దుప్పటంతే. మీరు జంపఖానా అంత చేశారు" అంది. ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

సంగీతం టీచరు కోపం ఎందుకో తెలిసింది. ఆవిడ పాట భరించలేక నేను కర్రతో కిందనుంచి పైకప్పును పొడిచాననుకుందట. పిల్లల ముందు అవమానం జరిగిందని పన్నెండు రోజులు పాఠం మానేసింది. నేను సొట్టపడిన మూత పట్టుకుని మేడెక్కి చూపించాను. "అయితే మీకు నా పాట అంటే ఇబ్బంది లేదా?" అంది. "ఎంతమాట, ఆ పాట లేక ఇల్లు బోసిపోయింది" అన్నాను. ఫలితం ఏమిటంటే, పాఠాలు ఇప్పుడు గంట ముందే మొదలవుతున్నాయి, తలుపు కూడా తీసిపెడుతోంది.

ఇంకో కుక్కరు మాత్రం పంపకు. ఈ ఇంట్లో ఇప్పుడు కుక్కరు అనే మాట వినబడడానికి వీల్లేదు. నీ పేరు కూడా కాస్త చూసి, సమయం కనిపెట్టి ఎత్తుతున్నాను. కొన్నాళ్లు పోనీ.

మీ బావ

*

ఫిబ్రవరి 20

బావగారికి,

మీరు మొదటి ప్రశ్నకూ రెండో ప్రశ్నకూ జవాబు రాశారు. తర్వాత పైకప్పు దగ్గరికి వెళ్లిపోయారు. మూడూ నాలుగూ దగ్గర నీళ్లు నమిలారు. నేను తనిఖీ చేసేవాణ్ణి బావగారూ. దాటేసింది ఏదో అదే ముందు కనబడుతుంది.

దానికంటే నన్ను బాధపెట్టింది ఆఖరి పేరా. ఆ ఇంట్లో నా పేరు కూడా ఎత్తలేని పరిస్థితి వచ్చిందన్నమాట. అక్కకు కోపం రావడంలో తప్పు లేదు. పెరట్లో బట్టలు ఆరేస్తోంది కాబట్టి సరిపోయింది. లోపల ఉండి ఉంటే? ఈ వారం నేను ఆ మాట దాటి ముందుకు ఆలోచించలేకపోయాను.

ఫ్యాక్టరీకి వెళ్లి మేనేజరుకు చెప్పాను. రెండు వారాల్లో కారణం రాసివ్వమన్నాడు. "ఏముంది, వాళ్లెవరో ఏదో చేసి ఉంటారు, అలా రాసెయ్, నీ పేజీ తెల్లగానే ఉంటుంది" అన్నాడు. ఆ మనిషి మంచికే అన్నాడు. నేను మాత్రం తెలియకుండా రాయలేను. వాల్వ్ సంగతి మీరు చెప్పాలి.

అక్కకు విడిగా ఉత్తరం రాస్తున్నాను. మీ ద్వారా కాదు. ఏమీ అనుకోకండి.

మీ బావమరిది

*

ఫిబ్రవరి 24

బావమరిదికి,

నీ ఉత్తరం చూశాక కొట్టు తలుపు సగం వేసి ఇది రాస్తున్నాను. పొద్దుటినుంచి ముగ్గురు వాచీలు తీసుకోవడానికి వచ్చారు, ముగ్గురికీ రేపు అని చెప్పాను.

ముందు ఒక అబద్ధం దించుకుంటాను. మీ అక్కకు నీ మీద కోపం లేదు. అసలు నేను నీకు రాస్తున్నట్టే ఆవిడకు తెలియదు. పేలిన రోజే నాతో ఒట్టు వేయించుకున్నంత పని చేసింది. "వాడికి రాయకండి. వాడి ప్రాణం ఆ అంకెలో ఉంది, వింటే అన్నం తినడు" అంది. నేను దాచలేక రాశాను. అడుగున నాలుగు లైన్లు లేకపోవడానికి కారణం అదే. ఉత్తరాలు బల్ల సొరుగులో వాచీ బెల్టుల కింద పెడుతున్నాను.

ఇక నీ మూడో ప్రశ్న, నాలుగో ప్రశ్న. వాల్వ్ కరగలేదు. ఎందుకంటే అక్కడున్నది నీ వాల్వ్ కాదు. నాది.

నువ్విచ్చిన మూడో వారంలోనే వాల్వ్ కరిగింది. నీళ్లు నిండుగా ఉన్నాయి, గొట్టం శుభ్రంగా ఉంది, అయినా కరిగింది. డబ్బాతో పాటు వచ్చిన రెండోది వేశాను. అది పది రోజులకే పోయింది. ఆ రోజు మీ అక్క ఇంట్లో లేదు, వంట నేను చూసుకుంటున్నాను. మామూలుగా అయితే నీకు ఒక కార్డు ముక్క రాయాలి, "ఏమయ్యా, నీ వాల్వ్ మంచిది కాదు" అని. కార్డు తీశాను కూడా. తీసి, పిడి కింద 17 చూశాను. మనిషి రిటైరై నెలన్నర కాలేదు, ఆఖరి పీసుకే వంక పెడితే ఏమైపోతాడనుకున్నాను. కార్డు లోపల పెట్టేసి లేతు మిషను ముందు కూర్చున్నాను. ఇత్తడి బిళ్ల తీసుకుని, కంటికి అద్దం తగిలించుకుని, మరలు కోసి, చక్కగా అమిరేలా వాల్వ్ చేశాను. వెంట్రుకవాసి తేడా లేదు. ఎంత బాగా వచ్చిందంటే రెండు రోజులు కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ చూపించాను.

ఇత్తడి కరగదని నాకు తెలియదా అంటావు. తెలుసు. కరగకూడదనే కదా చేశాను. కరగడమే దాని పని అన్న సంగతి మూత పైకప్పుకు తగిలిన చప్పుడు విన్నాకే బుర్రకెక్కింది.

ఇది మీ అక్కకు చెప్పలేదు. వంటింట్లో వస్తువు ఏదీ విప్పనని పదేళ్ల కిందట ఇస్త్రీపెట్టె వ్యవహారం తర్వాత మాటిచ్చాను. ఆవిడకు చెప్పే ధైర్యం ఇంకా చిక్కలేదు. నీకు మాత్రం ఇవాళ చెప్పేశాను. నువ్వు నీ మేనేజరుకు రాసెయ్, మా బావ చేతిపని వల్ల పేలిందని. నీ పేజీ తెల్లగా ఉండాలి. నేను సంతకం పెట్టి పంపిస్తాను.

కరిగిన వాల్వ్‌లు రెండూ నా దగ్గరే ఉన్నాయి. నేను ఏదీ పారేయనని నీకు తెలుసు. మూతలోంచి తీసిన ఇత్తడిదీ కలిపి దీంతోపాటే పంపిస్తున్నాను.

మీ బావ

*

ఫిబ్రవరి 24

అక్కకు,

నీ తమ్ముడు క్షమించమని అడుగుతూ రాస్తున్నది.

కుక్కరు పేలిన సంగతి బావగారు రాశారు. నీకు నా మీద కోపం వచ్చిందని అర్థమైంది. నువ్వు నాలుగు లైన్లు రాయకపోయినా తప్పులేదు. ఎవరికీ చెప్పనిది ఇప్పుడు నీకు చెబుతున్నాను, విను.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. వాల్వ్‌లు పెట్టెల్లో వస్తాయి, పెట్టెకు నాలుగు వందలు. కొత్త పెట్టె విప్పగానే మొదటి వాల్వ్ బిగించిన కుక్కర్లో నీళ్లుపోసి, మంటమీద పెట్టి, గంటసేపు కాపలా ఉండి పరీక్ష చేయాలి. అది కరగకుండా నిలబడితే పెట్టె మొత్తం పాసు. మిగతా వాటికి ఆవిరి కారుతోందా లేదా అని మాత్రం చూస్తారు. అందుకే ఆ మొదటి పీసు చాలా ముఖ్యం. దాన్ని ఎప్పుడూ నేనే చూసేవాణ్ణి.

నా ఆఖరి రోజు మధ్యాహ్నం కొత్త పెట్టె విప్పారు. మొదటి పీసు నా బల్ల మీదికి వచ్చింది. అందరూ చుట్టూ చేరారు. "పెద్దాయన చేతి ఆఖరి గుర్తు" అన్నారు. చప్పట్లు కొట్టారు. ఎవరో ఫోటో తీస్తామన్నారు. గంటసేపు వాళ్లందర్నీ ఎలా నిలబెట్టను? నీళ్లు పోయలేదు. పొయ్యి వెలిగించలేదు. సుత్తి తీసుకుని 17 కొట్టేశాను. ఫోటోలో నవ్వుతూ ఉన్నాను.

ఆ పీసే వాళ్లు నాకు కానుకగా ఇచ్చారు. దాన్నే తీసుకొచ్చి నీకిచ్చాను.

ముప్పై ఒక్క ఏళ్లలో నేను చూడకుండా వదిలింది ఒక్కటే, అది నీ వంటింట్లోకి వచ్చింది. బావగారు వాల్వ్ సంగతి రాయడం లేదు. ఆయన నన్ను కాపాడుతున్నారని నా అనుమానం. వాల్వ్ మంచిది కాదని ఆయనకు తెలిసే ఉంటుంది. నా పేరు చెడుతుందని నోరు మెదపడం లేదు. ఆయన్ని ఏమీ అనకు.

నీ తమ్ముడు

*

మార్చి 1

తమ్ముడూ,

నీ ఉత్తరం పోస్టుమాన్ నా చేతికే ఇచ్చాడు. గుమ్మంలో నిలబడే చదివాను. చదివి కొట్లోకి వెళ్లాను. మీ బావ కంటికి అద్దం పెట్టుకుని ఎవరిదో వాచీ విప్పుతున్నారు.

"మా తమ్ముడు నన్నెందుకు క్షమించమంటున్నాడు?" అన్నాను.

"ఏ తమ్ముడు?" అన్నారు. నాకు ఉన్నది నువ్వొక్కడివే.

"వాడికి నా మీద కాదు, నాకు వాడి మీద కోపమట. నాకే తెలియని కోపం నాకు ఎప్పుడొచ్చింది?"

ఆయన అద్దం తీసి బల్ల మీద పెట్టారు. శ్రావణం కింద పెట్టారు. వాచీ మీద గాజుగిన్నె బోర్లించారు. ఇన్ని సర్దుతున్నారంటే పెద్దదేదో రాబోతోందని నాకు అర్థమైంది. తర్వాత ఇత్తడి వాల్వ్ దగ్గర్నుంచి బెల్టుల కింద దాచిన ఉత్తరాలదాకా అంతా చెప్పారు. మధ్యలో లేతు గురించి కొంత చెప్పబోయారు, వద్దన్నాను.

"ఎంత బాగా అమిరిందో తెలుసా" అన్నారు.

"తెలుసు. పైకప్పు చూస్తే తెలుస్తూనే ఉంది" అన్నాను.

తర్వాత ఆయన నీకు రాసిన ఉత్తరం సంగతి కూడా చెప్పారు. అందులో తప్పంతా తనదే అని రాశారట. నీ ఉత్తరంలో తప్పంతా నీదే. దారిలో రెండు ఉత్తరాలూ ఒకదాని పక్కనుంచి ఒకటి పోయి ఉంటాయి, పలకరించుకున్నాయో లేదో.

నాకు నిజంగా కోపం వచ్చింది. ఇప్పుడు వచ్చింది, రాసుకో. నీ మనసు నొచ్చుకుంటుందని ఆయన వాల్వ్ బాగోలేదని చెప్పలేదు. నలుగురూ నొచ్చుకుంటారని నువ్వు పరీక్ష చేయలేదు. నువ్వు అన్నం మానేస్తావని నేను ఉత్తరం రాయనివ్వలేదు. అందరం ఎంత మర్యాదస్తులమో చూడు. మనుషుల మర్యాద అంతా ఒక కుక్కర్లో పడి ఆవిరి పట్టి, దారిలేక నా వంటింటి కప్పు పగలగొట్టుకుని పోయింది.

అది అలా ఉంచు. నీ ఉత్తరంలో ఒక లైను దగ్గర ఆగి మళ్లీ చదివాను. పెట్టెకు నాలుగు వందలు అన్నావు. ఆ మొదటి పీసు పాసైతే మిగతావన్నీ పాసు అన్నావు. అంటే మనింట్లో కరిగినట్టు ఇంకా మూడు వందల తొంభై తొమ్మిది ఇళ్లలో కరుగుతున్నాయా? ఆ ఇళ్లలో కూడా మొగుళ్లు ఉంటారు. చేతిలో ఏదో ఒక పనిముట్టు ఉంటుంది. ఎవరు ఏం బిగించారో ఎవరికి తెలుసు. అందరూ పెరట్లో బట్టలు ఆరేస్తూ ఉండరు కదా.

మేనేజరు చెప్పినట్టు రాస్తే నీ పేజీ తెల్లగా ఉంటుంది, కాదనను. కానీ మా ఆయన చేతిపని అని తేల్చేస్తే ఆ పెట్టె గురించి ఇంకెవరూ అడగరు. కాబట్టి నువ్వు వెళ్లి రెండూ చెప్పు. మీ బావ చేసిందీ చెప్పు, నువ్వు చేయనిదీ చెప్పు. ఒకటి చెప్పి ఒకటి దాచావంటే, ఇన్నాళ్లూ రాయని కోపం అప్పుడు నిజంగానే రాస్తాను, నాలుగు లైన్లు కాదు, నాలుగు ఠావులు.

మెతుకు ముట్టకుండా ఫ్యాక్టరీకి పరిగెత్తకు. తిని వెళ్లు.

అక్క

తా.క. సంగీతం టీచరుకు మీ బావ చెప్పిన అబద్ధం వల్ల ఇప్పుడు నాకు పొద్దున్నే తలనొప్పి. అది కూడా మర్యాదే.

*

మార్చి 10

అక్కకూ, బావగారికీ,

తినే వెళ్లాను.

బావగారు పంపిన వాల్వ్‌లు మూడూ మేనేజరు బల్ల మీద పెట్టాను. జరిగినదంతా చెప్పాను. "బయటి మనిషి వాల్వ్ మార్చాడు, అక్కడితో అయిపోయింది కదా. రెండోది ఎందుకు చెబుతున్నావ్?" అన్నాడు.

"మొదటిది చెబితే మా బావగారి కప్పు కథ అయిపోతుంది. రెండోది చెప్పకపోతే ఇంకెవరి కప్పో మొదలవుతుంది" అన్నాను. ఇది నేను ముందు అనుకుని వెళ్లిన మాట కాదు. అక్క ఉత్తరం జేబులో ఉంది, దాని ప్రభావం.

ఆ పెట్టెలో అడుగున ఇంకా పదిహేను మిగిలి ఉన్నాయి. ఒక్కొక్కటీ బిగించి పరీక్ష చేశాం. ఈసారి చుట్టూ ఎవరూ లేరు, నేనూ కొత్త ఇన్‌స్పెక్టరూ ఇద్దరమే. ఒక్కటి కూడా అరగంట నిలబడలేదు. లోహం కలపడంలో ఎక్కడో తేడా వచ్చింది. నేను ఆ రోజు పొయ్యి వెలిగించి ఉంటే అప్పుడే దొరికేది. కొత్త ఇన్‌స్పెక్టరు టీ తెచ్చిపెట్టాడు. ఏదైనా అని ఉంటే బాగుండేదనిపించింది.

అమ్మిన దుకాణాలన్నింటికీ కబురు వెళ్లింది. కుక్కర్లు వెనక్కి వస్తున్నాయి. నిన్నటికి నూట నలభై వచ్చాయి. అక్క అన్నది నిజమే. వాటిలో పదకొండింటికి వాల్వ్ ఉండాల్సిన చోట ఇంకేదో ఉంది. ఒకదాంట్లో సైకిలు నట్టు. ఒకదాంట్లో చెక్క బిరడా. ఒకాయన చొక్కా గుండీ పెట్టి పైన లక్క పోశాడు. అవి ఒక వరసలో పెట్టాం. బావగారిదే అన్నిటికంటే బాగా చేసిన పని. ఇది మెచ్చుకోలు కాదు.

ఫిర్యాదుల పుస్తకం అడిగి తీసుకున్నాను. 17 పేజీలో నా చేతులతోనే రాశాను. రాసేశాక పేజీ మామూలు పేజీలా కనబడింది. కొత్తవాళ్లకు ఇకమీద కూడా ఆ పేజీ చూపిస్తామన్నారు. ఇప్పుడు చదవడానికి అందులో ఏదో ఒకటి ఉంది.

ఆదివారం వస్తాను. మూత ఊరికే పైన పెట్టే గిన్నె తెస్తున్నాను. దానికి వాల్వ్ లేదు, వెయిటు లేదు, బిగించడానికి ఏమీ లేదు.

మీ తమ్ముడు, బావమరిది

*

మార్చి 13

బావమరిదికి,

ఈ ఉత్తరం మీ అక్కకు తెలిసే రాస్తున్నాను. ఎదురుగా కూర్చుంది. అడుగున తన నాలుగు లైన్లు రాయమంటే, ఆదివారం మనిషే వస్తుంటే ఇంకా లైన్లు దేనికి అంది.

వంటిల్లు బాగుపడింది. మేస్త్రీ కప్పుకు సిమెంటు పూసి, మూత తగిలిన చోట నున్నగా రుద్ది, కిందకి దిగి మళ్లీ పావుగంట చూశాడు. పొయ్యి మార్చాం. అద్దం వేశాం. క్యాలెండరు కడిగితే తేదీలు కూడా పోయాయి. సంగీతం టీచరు దగ్గరికి మీ అక్క స్వయంగా వెళ్లి, "మీ పాట బాగుంటుంది, ఆ వేళప్పుడు మాత్రం బాగుండదు" అని ఉన్నదున్నట్టు చెప్పింది. నేను మెట్ల కింద నిలబడి విన్నాను. ఆవిడ ఏమందో తెలుసా? "ఇన్నాళ్లకు ఒకరు చెప్పారు. పొద్దున్నే గొంతు నాకూ పలకదండీ" అంది. ఇప్పుడు సాయంత్రం పాడుతోంది. నిజంగానే బాగుంది.

అయితే ఈ నిజాల గాలి మన ఇంట్లోనే మొదలై అక్కడితో ఆగుతుందా? ఇవాళ పొద్దున స్నానానికి వెళ్లినవాణ్ణి సబ్బు మరిచిపోయి వెనక్కి వచ్చాను. మీ అక్క హాల్లో స్టూలెక్కి గోడ గడియారం తలుపు తీసి ముల్లు జరుపుతోంది. మేం కాపురం పెట్టిన ఏడాది నేను ఒక్కొక్క చక్రం ఏరి తెచ్చి సొంతంగా కట్టిన గడియారం అది. ఇంటికి వచ్చినవాళ్లందరికీ దాన్ని చూపించి, ఇప్పటిదాకా చెయ్యి పెట్టాల్సిన అవసరం రాలేదని చెప్పడం నాకు అలవాటు.

"ఏం చేస్తున్నావ్?" అన్నాను.

"నాలుగు నిమిషాలు" అంది, దిగకుండానే.

"ఏ నాలుగు నిమిషాలు?"

"రోజూ వెనకపడే నాలుగు నిమిషాలు. మీరు స్నానానికి వెళ్లినప్పుడు రేడియో చూసి సరిచేస్తాను."

నేను తువ్వాలుతోనే కుర్చీలో కూర్చున్నాను. "ఎప్పట్నుంచి?"

"మొదటి ఆరు నెలలూ బాగానే నడిచింది" అంది. మంచి మనిషి, ఆ ఆరు నెలలూ నాకు వదిలింది. లెక్క కడితే ముప్పై ఎనిమిదేళ్లు.

"మరి చెప్పొచ్చు కదా?"

"చెబుదామనే అనుకున్నాను. మీరు ఎవరికో చూపిస్తూ ఉండేవారు. మీ మొహం చూస్తే చెప్పబుద్ధి కాలేదు."

మీ ఇంటి మనుషులంతా ఇంతే అనబోయాను. లేతు, ఇత్తడి బిళ్ల గుర్తొచ్చి ఊరుకున్నాను.

"దించి విప్పనా?" అన్నాను.

"విప్పండి. నేను ఇక్కడే కూర్చుంటాను, నా ముందే విప్పండి" అంది.

అందుకని గడియారం ఇప్పుడు బల్ల నిండా పరిచి ఉంది. తప్పు ఎక్కడుందో గంటలోపలే దొరికింది, ఒక చక్రానికి పన్ను అరిగింది. అది చూపిస్తే మీ అక్క నా అద్దం తీసి కంటికి పెట్టుకుని చూసి, "ఇంతేనా, దీనికా నేను రోజూ స్టూలెక్కింది" అంది. కొత్త చక్రం చేస్తున్నాను. పూర్తయ్యేసరికి వారం పడుతుంది, పరీక్షకు ఇంకో వారం.

ఆదివారం వచ్చేటప్పుడు చేతికి వాచీ పెట్టుకుని రా. ఈ ఇంట్లో ప్రస్తుతం టైము ఎంతయిందో ఎవరికీ తెలియదు.

మీ బావ